మూడో కాలు

సెకండ్ షో జనం
క్రాస్ రోడ్స్ మీద పలచబడ్డాక
నారాయణగూడ వైపు
ఇంకా షటర్ దించని హోటల్లో
నలుగురం. మూడు టీలు, నాలుగు కప్పులు.
బల్ల ఊగుతోంది.

‘నీలిధూళి’ మళ్లీ తీశారు,
ముప్పై నాలుగేళ్లకి.
పాలపిట్ట మారిపోయింది.
అదే, మా అంతరిక్ష నౌక.
ఒళ్లంతా రివిట్లు, ముక్కు దగ్గర సొట్ట,
ఎగిరేముందు పాత లూనాలా ఒకసారి దగ్గేది.
ఇప్పుడు నల్లగా, నున్నగా,
ఎవరి జేబులోంచో జారిన ఫోన్‌లా ఉంది.

ఇఫ్తెకార్‌కి ట్రూప్ బజార్‌లో లైట్ల కొట్టు.
“శూన్యంల చప్పుడెట్ల వస్తది భాయ్?
ఇన్నేండ్లకు సక్కగ జేసిండ్రు.
పేలింది. సప్పుడు లేదు. రైట్.”
“రైటే,” అన్నాడు గురునాథం,
“మరి ఈల ఎప్పుడెయ్యాలె?
హాలంత నోట్లె ఏళ్లు వెట్టుకొని ఆగిపాయె,
డాక్టర్‌కు నాలుక సూపిచ్చినట్టు.”

ప్రసూన ఉప్పల్‌లో ఫిజిక్స్ చెబుతుంది.
పాత సినిమాలో కెప్టెనమ్మ జడ
బరువు లేని చోట కూడా
బుద్ధిగా వీపు మీదే వేలాడేది.
ఇరవై ఏళ్లుగా ఆ జడే తన క్లాసులో
తప్పుకి ఉదాహరణ.
ఈ రాత్రి జడ తేలింది.
“బాగుంది,” అని, కాసేపాగి
“రేపు పిల్లలకి ఏం చెప్పను?” అంది.

ఇంతలో మూడో కాలు వచ్చింది.
ప్రతిసారీ వస్తుంది.

పాత పాలపిట్టకి మూడు కాళ్లు, మూడోది జానెడు పొట్టి.
కొత్తదానికి మూడూ సమానం.
ఇక్కడ మాత్రం ఇఫ్తెకార్, గురునాథం ఒక్కటైపోయారు.
ఆ గ్రహం నేలంతా ఏటవాలు కదా,
దిగేది ఎప్పుడూ వాలు మీదే కదా,
పొట్టికాలు ఎగువకి వేస్తే
నిటారుగా నిలబడుతుంది కదా,
ఇంత చిన్న సంగతి తెలియదా ఈ కొత్తోళ్లకి!
బిల్లు వెనక బొమ్మ గీశాడు ఇఫ్తెకార్,
పద్దెనిమిది డిగ్రీలని రాశాడు.
ప్రసూన దిద్దింది: పదహారున్నర.
పెళ్లి పందిళ్లలో, ఆస్పత్రి వరండాల్లో,
ఒకసారి శ్మశానం నుంచి తిరిగొస్తూ కూడా
సాగిన లెక్క అది.

నేను చక్కెర కలుపుతూనే ఉన్నాను.
అది కరిగి చాలాసేపైంది.

ఆ కాలు అతికింది మా నాన్న.
బాలానగర్ షెడ్డులో, రెండు రాత్రుల్లో,
కూలర్ల డొక్కు రేకులతో పాలపిట్టని నిలబెట్టి
మూడో కాలికి వచ్చేసరికి
పైపు తక్కువ పడింది.
ఆదివారం. రాణిగంజ్ బంద్.
బయట సినిమావాళ్ల లారీ హారన్.
“కింద ఇటుక వెట్టుకోండ్రి,” అన్నాడట.
వాళ్లు ఇటుక మరిచిపోయారు.

మొదటి వారంలోనే నన్ను తీసుకెళ్లాడు.
తెర మీదికి ఆ కాలు రాగానే తల దించుకున్నాడు,
అప్పిచ్చినవాడు ఎదురొచ్చినట్టు.
ఇంటికొచ్చి అమ్మతో ఒకటే మాట:
“అందరు సూసిండ్రే.”

వీళ్లకి చెప్పొచ్చు.
ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది.
చెబితే, నవ్వుతారు, భుజం తడతారు, సెల్ఫీ అంటారు.
తర్వాత మెల్లగా
ఆ గ్రహం నేల చదునైపోతుంది.

అదీ గాక,
ఈ అభిమానుల మధ్య అనకూడని మాట ఒకటుంది.
ఈ రాత్రి తెర మీద
మూడు సమానమైన కాళ్లు దిగుతుంటే
నాకు హాయిగా అనిపించింది.
ఎవరో ఆదివారం పూట కొట్టు తెరిచి
మా నాన్నకి జానెడు పైపు ఇచ్చినట్టు.

“నువ్వేమంటవ్ ర? నోరిప్పవేంది?”
“పదహారున్నరే,” అన్నాను.

హోటలాయన కుర్చీలు ఎత్తేస్తున్నాడు.
ప్రసూన తన టిక్కెట్టు నాలుగు మడతలు పెట్టి
వంగి, బల్ల కింద దూర్చింది.
ఊగడం ఆగలేదు.
వేరే కాలట.