ఇరవై పైసల మందం

బంపరుతో మొదలెట్టకూడదు.
పీటల మీద కూర్చోకుండానే అప్పగింతలు పాడినట్టుంటుంది.
ముందు వెనక తలుపు. దాన్ని చూసుకుని ముందు తలుపు.
తలుపును చూసుకుని ఫెండరు.
ఫెండర్లు రెండూ ఒప్పుకున్నాకే బానెట్టు.
అంతా కుదురుకున్నాక, ఆఖర్న,
తలలో పువ్వులా బంపరు.
కాలేషా మామ చెప్పిన వరస ఇది.
చెప్పడమంటే, తప్పినప్పుడల్లా
స్పానరుతో నా మోకాలిచిప్ప మీద ఒకటెయ్యడం.

ఆటోనగర్‌లో ఒక అడ్డరోడ్డు చివర మా షెడ్డు.
ఇటు లారీ క్యాబిన్ల మీద నెమళ్లు దించేవాడు,
అటు కమాన్‌కట్టలు సాగదీసే కొలిమి.
మధ్యలో ఇటుకల మీద, చక్రాల్లేకుండా,
నాకంటే పదేళ్లు పెద్దదైన ఫియట్ డిలైట్.
తెనాలి రైసుమిల్లు గోడౌన్లో దొరికింది.
డిక్కీలో తవుడు, డాష్‌బోర్డు వెనక ఎలక పిల్లలు.

కొన్నావిడ సుభాషిణి గారు,
గవర్నరుపేటలో నోటుపుస్తకాల హోల్‌సేలు.
"మీ నాన్నగారిదా అమ్మా?" అన్నాను.
"ఎవరిదీ కాదు. ముఖం నచ్చింది" అంది.

రోహిణి కార్తె. మధ్యాహ్నం రేకు పెరుగుతుంది.
పెరిగినప్పుడు చూసిన సందు తెల్లారేసరికి మనది కాదు.
అందుకే బందరు రోడ్డు మీదికి
మొదటి బస్సు రాకముందే వచ్చేవాళ్లం, నేనూ, ఏసుపాదమూ.
మా కొలత పుల్లైసు పుల్ల.
ఒకటి దూరితే తలుపు సందు,
రెండు కలిపి దూరితే బానెట్టు సందు.
పైన వదిలితే కింద దాకా జారాలి,
మధ్యలో ఎక్కడా ఆలోచించకూడదు.

ఏ బోల్టూ పూర్తిగా బిగించొద్దురా అంటాను వాడితో.
సగం బిగించిన బోల్టు మాట వింటుంది.
పూర్తిగా బిగించింది వాదిస్తుంది.

ఎడమ పక్క మూడు రోజుల్లో దారికొచ్చింది.
కుడి పక్క, ఫెండరు ఎత్తితే తలుపు దిగుతుంది,
తలుపు ఎత్తితే గడప దగ్గర నోరు తెరుస్తుంది.
దారం పట్టి కొలిస్తే తెలిసింది,
కుడి కన్ను ఎడమ కన్నుకంటే కాస్త కింద.
కంపెనీలోనే, ఎవడో, నిద్ర చాలని పొద్దున.
లప్పం పెడితే ఎవరికీ తెలియదు.
లప్పమంటే అబద్ధానికి సాండ్‌పేపరు కొట్టడం.
కొంచెం పెట్టాను. అబద్ధమాడను.

పటమటలో నికెలు వేయించిన బంపరు
పాత దుప్పటిలో చుట్టి తెచ్చాం.
పెడితే కుడి చివర పైకి లేచింది,
నవ్వబోయి ఆపుకున్న మూతిలా.
ఒక వాషరు వేస్తే చాలదు. రెండు వేస్తే ఎక్కువ.
డబ్బా రేకు కత్తిరించాం, టైరు ట్యూబు ముక్క పెట్టాం.
చీకటి పడింది. కరెంటు పోయింది.

విప్పినప్పటి నట్లు పోసిన హార్లిక్స్ సీసాని
నేలమీద బోర్లించాడు ఏసుపాదం.
తుప్పు పట్టిన ఒక బిళ్ల పక్కకి దొర్లింది.
కిరసనాయిల్లో వేసి గుడ్డతో తుడిస్తే
పసుప్పచ్చగా ఇరవై పైసలు.
తామరపువ్వు నడుమ బోల్టు పట్టే కన్నం.

కుడి బ్రాకెట్టు వెనక పెట్టాం.
మూతి సర్దుకుంది.

ఎవడో, ఏ ఊళ్లోనో, ఇదే తలనొప్పితో
జేబులో చెయ్యి పెట్టుంటాడు.
ఆ పూట టీ మానుకునుంటాడు.
రేకులు చిరగకుండా పువ్వు గుండెలోంచి
డ్రిల్లు దించాడంటే పని తెలిసినవాడే.
పేరు లేదు. మందం ఉంది.

తాళాలకి తగిలించుకుంటానని ఆవిడ బిళ్ల అడిగింది.
"ఇస్తానమ్మా. బండి మళ్లీ మూతి తిప్పుకుంటుంది."
చీర కుచ్చెళ్లు దగ్గరికి తీసుకుని
మట్టిలో మోకాళ్లేసి కిందికి తొంగి చూసింది.
"కనపడదుగా?"
"కనపడదు."
"అయితే ఉండనివ్వండి."

రేపు బండి ఇచ్చేస్తామనగా
కాలేషా మామ మనవడి స్కూటరు దిగాడు.
కళ్లకి పొరలు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం.
ఏమీ మాట్లాడకుండా, బొటనవేలి గోరు
సందుల్లో నడిపించుకుంటూ బండి చుట్టూ తిరిగాడు.
బంపరు దగ్గర ఆగాడు. చప్పరించాడు. వదిలేశాడు.
"కుడి తలుపు, కింద, జానెడెత్తులో
పుల్ల ఆగుద్ది చూడు" అన్నాడు.

వదిలాను.
ఆగింది.

ఏసుపాదం పన్నెండో నంబరు స్పానరు అందించాడు.
బోల్టు సగం విప్పాను.