నూట ఇరవై కుర్చీలు

పాట వినడానికి రాలేదు నేను.
కుర్చీలు దింపడానికొచ్చాను,
సాయంత్రం లెక్కపెట్టి ఎక్కించుకోవాలి గనక ఉండిపోయాను.
చుట్టుగుంట వెనక, కోల్డ్ స్టోరేజీ గోడ పక్క వీధిలో
ఆదివారం మధ్యాహ్నం సంగీతమట.
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన స్టేజీ,
నీడ ఎటుంటే అటు జనం.

మాఘమాసమే. అయినా
గుంటూరు ఎండకి నెలల పేర్లు తెలియవు.
పావుగంటకోసారి నీడ జరుగుతుంది,
నీడ వెంట నా కుర్చీలు కాళ్ళీడ్చుకుంటూ జరుగుతాయి.
ఆ కీచు వింటే నాకు పళ్ళు పులుస్తాయి.
ఒక్కోటి నాలుగొందల ఎనభై పెట్టి కొన్నాను మరి.

మొదట నాగలాస్య, ఆరో తరగతి, వర్ణం ఎత్తుకుంది.
సరిగ్గా పై షడ్జం అందుకోబోతుంటే
మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళింది.
ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు:
ముందు ముక్కు, తర్వాత గొంతు, ఆఖరికి కళ్ళు.
ముందు వరసలో ఒక తాత తుమ్మాడు,
ఆయన వెనక వరసంతా.
మృదంగం అబ్బాయి చేతులు వదిలేసి దగ్గాడు.
పిల్ల మాత్రం నోరు మూసుకుని
తొడ మీద తాళం వేసుకుంటూ
గాలి దాటేదాకా ఆగింది.
దాటాక, ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుంది.
అందరం కళ్ళు తుడుచుకుంటున్నాం,
ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

తర్వాత చర్చి కుర్రాళ్ళ కీబోర్డు.
రెండో చరణంలో కరెంటు పోయింది.
పున్నారావు మాస్టారు చచ్చిన మైకు పట్టుకుని
"ఏసోబు ఉన్నాడా, ఏసోబుని పిలవండి" అని అరిచారు.

ఏసోబు నాకు తెలుసు.
నా టెంటు పడిన ప్రతి పెళ్ళిలో అతని బ్యాండు ఉంటుంది.
ముప్పై ఏళ్ళుగా గుర్రం ముందు, పూల కారు ముందు,
ఒక్కోసారి పాడె ముందు
క్లారినెట్ ఊదుకుంటూ నడిచిన మనిషి.
ఈవేళ ఎర్ర కోటు లేదు, జరీ కుచ్చులు లేవు.
పొద్దున సైదమ్మ బండి మీద ఇస్త్రీ అయిన తెల్ల చొక్కా.
"కూర్చోండి ఏసోబు గారూ" అన్నారు మాస్టారు.
గారు అన్నందుకు కాదు,
కూర్చోమన్నందుకు తడబడ్డాడు.
నా కుర్చీలోనే కూర్చున్నాడు, అంచు మీద,
ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరో లేపుతారన్నట్టు.

ఊదాడు. రాలేదు.
మళ్ళీ ఊదాడు.
వేసవి కాలవలో మొదటిసారి నీళ్ళు వదిలినట్టు గరగర.
ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది.
తప్పు కుర్చీదేమోనని కూడా అనిపించింది.

లేచాడు.
"నడవకపోతే రాదండీ ఇది."
మెట్లు దిగి వీధిలో పడ్డాడు.

అప్పుడొచ్చింది.
పెళ్ళిలో ఊదేది కాదు, చావులో ఊదేదీ కాదు.
అర్ధరాత్రి పని ముగించుకుని ఇంటికి పోతూ
తనకోసం ఊదుకునేదేమో, నేనెప్పుడూ వినలేదు.
కోల్డ్ స్టోరేజీ గోడకి తగిలి వెనక్కొచ్చి
తనకు తనే జంటగా నడిచింది.
ముందు పిల్లలు లేచారు.
బస్తాల మీద కునుకుతున్న హమాలీలు దిగొచ్చారు.
గొడుగులు లేచాయి, తుమ్మిన తాత లేచాడు,
మాస్టారు ఆ మైకు చేత్తో పట్టుకునే లేచారు.
వీధి మలుపు తిరిగింది ఊరేగింపు,
పెళ్ళికొడుకు లేడు, శవమూ లేదు.

నేనూ, నా ఖాళీ కుర్చీలూ మిగిలాం.
సామాను వదిలి ఎట్లా పోను?
చెవి మటుకు పోయింది,
నల్లపాడు రోడ్డు లారీల హారన్ల దాకా పోయి
అక్కడ తప్పిపోయింది.

పొద్దు వాలాక లెక్కపెట్టాను.
నూట పంతొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను. నూట పంతొమ్మిదే.
వేపచెట్టు చాటున ఇస్త్రీ బండి పక్కన
సైదమ్మ ఒకటి వేసుకుని కూర్చునుంది.
రోజంతా నిలబడే మనిషి,
కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని,
పెట్టెలో బొగ్గులు బూడిదైపోతున్నా పట్టకుండా.
పిలవబోయి ఊరుకున్నాను.

వ్యాన్ ఎక్కి పుస్తకం తీశాను.
అడ్వాన్సు ఐదొందలు ముట్టింది.
కుర్చీ ఒకటి బాకీ.
ఎవరు ఎవరికో రాయలేదు.