వెంట్రుక వాసి

దుర్భిణి సంగతి తర్వాత, డాక్టరమ్మా.
ముందు దాన్ని పట్టుకునే చేతులేవో చూడు.
అద్దం ఎంత దూరం చూపిస్తే ఏం,
గొట్టాన్ని కరిచిన రెండు కడియాలూ
ఒకదాన్నొకటి సూటిగా చూసుకోకపోతే?

గిరింపేటలో నా లేతు తిరగబట్టి ముప్పైయొక్కేళ్లు.
చెరుకు గానుగ రోలర్లు, బోరు మోటారు షాఫ్టులు,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బుష్షులు
అన్నీ ఈ చేతుల్లోంచి పోయినవే.
ఆ పొగరుతోనే,
అటవీశాఖ జీపు ఆగి మత్తు తుపాకి దించిన రోజు,
"కడియాలే గదన్నా, కొనేదేంది, నేను కోసిస్తా" అనేసినా.

తుక్కు అల్యూమినియం, కిలో లెక్కన తెచ్చింది.
చూసేదానికి వెండి మాదిరి ఉండె.
ముందుది వెనకదానికంటే
వెంట్రుక వాసి ఎత్తు.
తెలుసు నాకు.
తెలిసీ, బిగిస్తే సర్దుకుంటాదిలే అనుకున్నా.
పెండ్లి కుదిర్చే పెద్దోళ్ల మాట అది.
లోహం దగ్గర చెల్లదు.

పలమనేరు అవతల, టమాటా తోటలో
ఒంటి ఏనుగు, కుడి దంతం సగమే.
రాత్రి తప్పకుండా వస్తాదని
ఊరు దానికి వడ్డీసామి అని పేరు పెట్టింది.
నలభై గజాలు.
నీ ముందున్న డాక్టరు గురి పెట్టినాడు.
నా పనితనం చూసుకోను నేనూ పొయ్యింటి.
గీతలు తొడ మీదే ఉన్నాయంట.
సూది వీపు మీదుగా పోయి
నేరేడు మానులో దిగింది,
దాని గులాబి కుచ్చు గాలికి ఊగతా ఉండె.

ఏనుగు మా దిక్కు తిరిగింది.

ట్రాకరు మునస్వామి పరిగెత్తి గట్టు మీంచి పడినాడు.
ఇప్పుడూ నా అంగడి ముందరే కుంటతా పోతా
"ఏం చెంగల్రాయా, టీ తాగినావా" అంటాడు.
తిట్టినా బాగుండు.

ఆ రాత్రి విప్పి చూస్తే
గొట్టం మీద గోటి గాటంత ముద్ర.
మత్తు తుపాకికి తన్నుడు తక్కువ గదా అనుకుంటి,
జీపుకి ఉందని తట్టలే.
అడవి దారిలో ప్రతి గుంతా
ఒక్కో మరను రవ్వంత తిప్పింది.

అందుకే చెప్తా ఉండా.
జంటగా కోసినవి తీసుకో, ఒక్కొక్కటి ఏరుకోవద్దు.
బరువైతే అయింది, ఉక్కువి మేలు.
ఎత్తెంతో నీ చెంపనే అడుగు:
కట్టెకి ఆనించి కండ్లు మూసి తెరువు,
అద్దం నిండా వెలుగుండాల.
మెడ చాచినావంటే అవి నీవి కాదు.
పీట తుడువు, మరల్లో నూనె తుడువు,
మంచానికి నవారు లాగినట్టు
ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం బిగించు.
లెక్క చెప్పే పానా ఒకటుంటాది,
దాని మాట విను, మణికట్టు మాట వద్దు.
ఇది మణికట్టు మాట విన్నోడు చెప్తా ఉండేది.

ఆఖర్న, మర తల మీంచి కడియం మీదికి
గోళ్ల రంగుతో సన్నంగా ఒక గీత.
గీత తెగి పక్కకి జరిగిందా,
ఆ పొద్దు తుపాకి ఎత్తొద్దు.

దుడ్లు లోపల పెట్టు. నేను అమ్మను.
మేకుకి వేలాడే ఆ రెండూ
ఎవరన్నా తొందర పని తెస్తే
నేను చూసుకునేదానికి.

రంగు లేదా నీ దగ్గర?
మా కోడలిది ఉంది, ఎర్రది.
ఉండు, తెస్తా.