వెనక వరుస నుంచి

పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగం
ఒక వెలుతురు డబ్బాను చంకనెత్తుకుని
కిసుమూ కాలేజీలో గది గదికీ తిరగడం.
పేరు బరాసా. జీతాల పట్టీలో టెక్నీషియన్ని,
పిల్లలకి మ్జేని, అంటే పెద్దాయన్ని.

ఈ పద్దెనిమిదేళ్లలో
ఎన్ని అక్షరాలు గింగిరాలు కొడుతూ వచ్చి తెర మీద పడ్డాయో!
ఎన్ని సూర్యాస్తమయాల మీద ఎన్ని పసుప్పచ్చ వాక్యాలు
కళ్లముందే కరిగిపోయాయో!
తెర వైపు తిరిగి
తమ వాక్యాలు తామే చదువుకునే పిల్లలు.
వాళ్ల వీపులతో నాకు బాగా పరిచయం.

నిన్న సాయంత్రం అవూర్ వచ్చింది,
చేపల శాఖ, మూడో సంవత్సరం.
‘ఒక్కసారి వేసి చూపిస్తారా మ్జే, రేపే నా వంతు.’
నలభై ఒక్క స్లైడ్లు.
మొదటిదాంట్లో కాలేజీ చిహ్నం, శాఖ చిహ్నం,
ఇంకెవరిదో చిహ్నం,
మూలన ఊపిరాడక ఆమె పేరు.
రెండోదాంట్లో చీమల బారు.

నేనేమీ అనలేదు.
చివరి వరుసలో, కిటికీ రెక్క ఊడిన చోట,
ఆలస్యంగా వచ్చేవాడు కూర్చునే కుర్చీ చూపించాను.
‘అక్కడ కూర్చుని చదువమ్మా.’
కూర్చుంది. కళ్లు చికిలించింది. మెడ సాచింది.
తను రాసిందే తనకి అందలేదు.
నవ్వింది, ఆ తర్వాత నవ్వలేదు.

నాకు చేపల లెక్కలు తెలియవు.
అడిగాను: ‘ఇదంతా దేనికి? ఒక్క ముక్కలో చెప్పు.’
‘ఒమేనా, మ్జే. చిటికెన వేలంత చేప. వానల్లో
ఒడ్డున ఆరబోసింది ఆరబోసినట్టే కుళ్లిపోతుంది.
మా పిన్ని పది బుట్టలు ఆరబోస్తే
ఆరు కోళ్ల దాణాకే పోతాయి.’
‘మరి పిన్ని ఏ స్లైడులో ఉంది?’
వెతికింది. ముప్పై మూడోదాంట్లో,
పదకొండు రంగుల గుండ్రటి బొమ్మలో,
ఊదారంగు ముక్క పిన్ని.

రాత్రి తొమ్మిదయింది.
వాచ్‌మన్ రెండుసార్లు తాళాలు ఆడించాడు.
ఆమె ఒక్కొక్కటే తీసేస్తోంది,
బియ్యంలో రాళ్లేరినట్టు కాదు,
రాళ్లలో బియ్యం ఏరినట్టు.
నిర్వచనాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.
‘ఇవి లేకపోతే నేను చదవలేదనుకోరూ?’
‘నోరుంది కదా’ అన్నాను.
నాకంత తెలిసీ కాదు.
ఇంటికెళ్లే ఆఖరి మతాటు దాటిపోతుందని.

ఇవాళ పదకొండు గంటలకి
ఏడు స్లైడ్లు.
రెండే గీతలున్న ఒక గ్రాఫు:
వాన గీత లేస్తుంటే ధర గీత కూలబడడం.
తర్వాత తన ఫోన్లో తీసిన ఫొటో, ఈ అంచు నుంచి ఆ అంచుకి:
తడిసిన వల, దాని మీద వెండి బురద,
పక్కన తీరిగ్గా నిలబడ్డ మరబూ కొంగ.
ఒక్క అక్షరం లేదు.
గదిలో వాసనొచ్చింది, నిజం.

ఆ వెంటనే తెర నల్లబడింది.
గుండె గుభేలుమంది. బల్బు పోయింది!
అలవాటు చొప్పున తీగలు తొక్కుకుంటూ లేచాను.
‘కూర్చోండి మ్జే, అది నేనే’ అంది అవూర్.
ఏదో మీట నొక్కి తెరని మూసిందట.
ఆ చీకటి పక్కన నిలబడి,
మా వైపు తిరిగి,
పిన్ని సంగతి చెప్పింది.

డాక్టర్ ఒయూగి మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టారు.
‘పదిహేనుకి తగ్గకూడదని చెప్పానుగా?’
రెండు మార్కులు కోశారు.
ఆ రెండింటి కోసం ఆమె మెట్లమీద కూర్చుని ఏడ్చింది కూడా.
నేనేం చెప్పను, తీయించింది నేనే కదా.

మధ్యాహ్నం, డబ్బా చల్లారేదాకా ఫ్యాను తిరుగుతుంటే,
తెర చుడుతూ గమనించాను,
కుడివైపు మూల అరచేయంత టీ మరక.
ఎన్నేళ్ల నాటిదో.
ఇన్నాళ్లూ ఏదో ఒక అక్షరం
దాన్ని కప్పేస్తూ ఉండేది.