వేళ్ల లెక్క

గిరింపేటలో తుపాకుల అంగడి.
అద్దం బల్ల మీద తూటాలు నిలబెడతా ఉన్నాడు ఖాజామియా,
బళ్లో పిల్లోళ్లను వరస పెట్టే అయ్యోరి మాదిరి
పొట్టిది ముందు, పొడుగుది వెనక.
"ఇది పాయింట్ టూటూ, కుందేలుక్కూడా చాలీచాలదు.
ఇది పన్నెండు బోరు, ఎల్జీ.
ఇది మూడు పదిహేను.
దీని ముందర ఏదీ నిలబడదు."

మా హేమాద్రి నెరబైలు కింద మామిడితోట కొన్నాడు.
చుట్టూ కంచె, కంచె అవతల కొండ.
రాత్రిళ్లు దిగొచ్చి చిగురు తినిపోతాయని
దుప్పుల మీద వాడికి కోపం.
పంటకాపు లైసెన్సు చేతికొచ్చి వారమే.
"దుప్పికి ఏ సైజు భాయ్?"

ఖాజామియా పొడుగు తూటాను పడుకోబెట్టేసినాడు.
"ఆ పేరు ఈ అంగట్లో ఎత్తొద్దు నాయనా.
చేను నీది, దుప్పి గవర్నమెంటుది.
పంది అను, మాట్లాడదాం."
నా పక్క తిరిగి నవ్వినాడు:
"రెడ్డెమ్మక్కా, నువ్వు చెప్పు.
మీ నాయనకు తెలియని కొలతా?"

మా నాయన తుపాకికి నంబరు లేదు.
పీలేరు కొలిమిలో సాగిన గొట్టం, చింతచేవ పిడి.
మందు పోసి, పీచు కూరి, గజం దించితే
గొట్టం పైకి గజం ఎంత నిలిచిందో
అంత మేర వేళ్లు ఆనించి చూసేవాడు.
ఒక వేలు గువ్వకు.
రెండు కుందేలుకు.
మూడు దుప్పికి.
నాలుగు పందికి.
"ఐదు పెడితే తుపాకే పులి" అనేవాడు.
చిరుత మా మేకపోతును ఎత్తుకుపోయిన మర్నాడు
ఐదు పెట్టినాడు.
ఆ పొద్దు నుంచి ఆయన కుడిచేతిలో
బొటనవేలు, చిటికెనవేలు,
నడుమ గాలి.

ఎడమచెయ్యి గొట్టం పట్టుకోవాల గదా.
కొలిచేదానికి చెయ్యి చాల్లేదు.
"పాపా, చెయ్యి తే."

నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.
ఎసట్లో నీళ్లు చూసేదానికి
అమ్మ నా వేలు ముంచనిచ్చేది కాదు,
నీ కణుపుతో కొలిస్తే అన్నం బిరుసని.
నాయన ఏనాడూ ఎసరు పెట్టిన మనిషి కాదు.
మంచె మీద చీకట్లో గజం పక్కన
నా వేళ్లు మూడు, తాటాకు ఈనెల్లాంటివి, ఆనించి
"సరిపోయింది" అన్నాడు.

దుప్పి సెనక్కాయ చేను నడుమ ఉండాది.
ఢాం.
సీసం గుండ్లు ఇవతలి గెనిమ మీద రాలినాయి,
గంపలోంచి అలసందలు ఒలికినట్టు.
అది తలెత్తి మా పక్క చూసింది.
నోట్లో ఉండే ఆకు నమిలి, మింగి,
అప్పుడు పోయింది.
"మందు చెమ్మబారింది" అన్నాడు నాయన.

రెండో రాత్రీ అంతే.
మూడో రాత్రి బీడీకి అగ్గిపుల్ల గీసి
ఆ వెలుగులో నా చెయ్యి చూసినాడు.
తన బొటనవేలు నా మూడు వేళ్ల మీద అడ్డంగా పెట్టి
పుల్ల కాలేదాకా అట్లే ఉన్నాడు.
బీడీ అంటించుకునేది మరిచిపోయినాడు.
ఏమీ అనలేదు.

నాలుగో రాత్రి,
"పాపా, చెయ్యి తే."

ఆ ఏడు పదకొండు మూటలు కావాల్సిన చోట
ఏడు దిగినాయి.
అప్పుకు నాలుగు పోయినాయి, విత్తనానికి రెండు.
అమ్మ ఆ పోయిన మూటలు
చచ్చేదాకా లెక్కపెడతానే ఉండింది.
మందు బాగలేదనే చెప్పినాడు నాయన,
చచ్చేదాకా.

అంగట్లో అద్దం మీద నా చెయ్యి పెట్టి చూసుకున్నా.
నలభై ఏళ్లు పాలు పితికిన వేళ్లు.
ఇప్పుడు ఇవి మూడు ఆనిస్తే
దుప్పి పడిపోతుంది.

"అత్తా, ఏ సైజు చెప్పు" అంటాడు హేమాద్రి.
"మీ పాపకు ఎన్నేళ్లురా?"
"ఆరు. ఎందుకు?"

ఖాజామియా తల ఎత్తలేదు.
తూటాలు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టేస్తా ఉన్నాడు,
ఈసారి పొడుగుది ముందు.