మూత మిషను కాడ

దొరైరాజు గాజుబల్ల మీద రెండు పెట్టెలు పెట్టినాడు.
ఒకటి ఎనిమిదిన్నర వేలు, నా పాత బోర్డులోనే కూచుంటాది.
ఇంకొకటి ఇరవై ఒక్క వేలు,
దానికి బోర్డు మార్చాల, ర్యామ్ మార్చాల.
"ముందుచూపు ఉండాల గదక్కా" అంటాడు.
చర్చి వీధిలో ఆ పొద్దు కరెంటు లేదు.
సెల్లు వెలుతురులో చూస్తే
రెండు ప్రాసెసర్లూ ఒకటే మాదిరి, పాల బిస్కెట్టంత.

నా బ్యాగులో ఇరవై మూడు వేల నాలుగు నూర్లు.
మామిడి సీజను ఓవర్‌టైము.
మురకంబట్టు అవతల గుజ్జు ఫ్యాక్టరీలో
డబ్బాలకు మూతలేసే మిషను నాది.
రెండు నెలలు బెంగళూర కాయ వాసన
తలలో, దిండులో, సాంబారులో.

నా కష్టం వాడికి చెప్పినాను.
గ్రాఫిక్స్ కార్డు పోయిన సీజను డబ్బుతో కొన్నదే.
బొమ్మ బాగుంటాది, చెట్టుకు ఆకులు లెక్కబెట్టొచ్చు.
పదిమందీ ఒకచోట కలబడే తలికి మాత్రం
ఎగిరినోడు గాల్లోనే నిలబడిపోతాడు.
అప్పుడు చూస్తే కార్డు సగం ఖాళీగా ఉంటాది,
ప్రాసెసరు నూటికి నూరు, కాలిన పెనం.

దానికేదో పేరుండాదంట, సీసా మెడ అని.
పేరు నాకెందుకు?
గుజ్జు తీసే మిషను గంటకు తొమ్మిది టన్నులు పోస్తాది.
నాది నిమిషానికి నలభై, మూడు కిలోల డబ్బాలు.
అంతకు మించి తోలితే మూత అంచు మడత పడదు.
సూపర్‌వైజరు నా వీపు కాడ నిలబడి బిరీన, బిరీన అంటాడు.
గేటు బయట ట్రాక్టర్లు, మూడు దినాలుగా,
కాయ మెత్తబడతా,
టైర్ల నీడలో రైతులు తువ్వాలు కప్పుకొని.
ఆ రెండు నెలలూ
ఆ మెడ నేనే.

"కంతులు కట్టుకోవచ్చక్కా, నెలకు రెండు వేలు."
నెలకా?
నాకు ఏడాదికి రెండే నెలలు.
చిన్నదే ఇయ్యి అన్నాను.

ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పినాడు:
"పాతదాన్ని ముందే తీసేయొద్దు.
అది కూచోనుండగానే బోర్డుకు బయాస్ మార్చాల.
లేదంటే కొత్తదాని మొహం బోర్డు ఎరగదు."

రాత్రి కొంగారెడ్డిపల్లెలో, పెన్‌డ్రైవు పెట్టి,
ఒక గీత మెల్లంగా నిండతా ఉంటే
నేనూ తమ్ముడు మునిశేఖరూ ఊపిరి బిగబట్టినాం.
మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే.
వాడు లేచి సీలింగు ఫ్యాను ఆపినాడు,
దీనికీ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా.
ఆరేండ్లు పనిచేసింది,
తెల్లారితే ఊడబీకేది,
దాని చేతనే వచ్చేదాని ఆనవాళ్ళు రాయిస్తా ఉండాను.

జులై ఆఖర్లో కోయంబత్తూరు ఫిట్టర్లు వచ్చినారు,
నిమిషానికి నూట ఇరవై మూతలేసే మిషను కొలతలు పట్టుకొని.
"అంచు ఎట్లుండాల్నో చూపించమ్మా" అన్నాడు మేనేజరు.
చూపించినాను.
గోరు పెట్టి తడిమి, ఈడ బిగువు, ఈడ వదులు అని.
వాళ్ళు రాసుకున్నారు.
ఒకాయన స్పెల్లింగు అడిగినాడు, నా పేరుది.

గీత నిండింది.
కొత్తదాన్ని కూచోబెట్టి, మీట దించి, బటను నొక్కితే
ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉండాది.
తమ్ముడు పదకొండు దాకా లెక్కబెట్టినాడు.
తెర వెలిగింది.
ఆటలో ఎగిరినోడు
నేల మీదికి దిగినాడు.

పాతదాన్ని సంతలో అమ్మితే అయిదు నూర్లంట.
ఎల్లుండి మిగులు జీతానికి ఫ్యాక్టరీకి పోవాల.
నా మిషనును ఇంకా ఊడదీసి ఉండరు.
దీన్ని ఒక డబ్బాలో వేసి
మూత నా చేత్తోనే వేసుకొని వస్తాను.
బరువుండదు.
ఊపితే గలగలమంటాది, అంతే.