పులిసిన దూరం

నాలుగింటికి మా వీధి కుక్కలు నన్ను గుర్తుపట్టి
తోక ఒక్కసారి ఆడించి మళ్లీ పడుకుంటాయి.
మొదట్లో తరిమేవి. అప్పటి నా వేగమంతా వాటి పుణ్యమే.

పోర్టులో కాటా దగ్గర కూర్చుంటాను నేను.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది, చీటీ చింపి ఇస్తాను.
ఇరవై రెండేళ్లుగా కాలర్ మీది ఇనుప ఖనిజం ధూళి దులుపుకుంటూ
ఒక మధ్యాహ్నం, లారీల్లేని వేళ, సరదాకి నేనే ఎక్కి నించున్నాను.
సున్నా, చుక్క, సున్నా, ఎనిమిది.
టన్నుల్లో అంతే నేను.

ఆ మర్నాడే పరుగు మొదలెట్టానంటే కథ బాగుంటుంది.
మొదలెట్టింది మూడు నెలల తర్వాత,
చెప్పుకోదగ్గ కారణమేదీ లేకుండా.
ఊరూ పేరూ తెలీని సీసాలే దొరికిన ఆ రోజుల్లో
బీరు మానేసి మరీ పరిగెత్తాను.
పరుగు నాకు పట్టుబడింది అప్పుడే.

ఇవాళ భీమిలి.
ఆర్కే బీచ్ నుంచి, నా కాళ్ల లెక్కన, ఇరవై తొమ్మిది.
ఒడ్డెక్కిన సబ్‌మెరైన్‌కి
రిటైరైన పెద్దమనిషికి పెట్టినట్టు ఒక నమస్కారం పెట్టి
జాలరిపేట ఎండుచేపల వాసనలోంచి
జోడుగుళ్లపాలెం ఎదురుగాలిలోకి.
మొదటి పదీ అబద్ధం.
కాళ్లు ఎవరివో తెచ్చుకున్నట్టు తేలిగ్గా ఉంటాయి.
ఋషికొండ దాటాక అద్దె అడుగుతాయి.

మంగమారిపేట దగ్గర ఎడం పిక్క పట్టేసింది.
రాయి మీద కూలబడ్డాను.
గంపతో ఆటో కోసం నిలబడ్డ ముసలామె
నా నిక్కరూ, బూట్లూ, రొప్పూ చూసి
"ఎవులు తరుముతున్నారు బాబూ?" అంది.
ఎవరూ లేరన్నాను.
"మరేటికి పరిగెడతన్నావు?"
"సాయంత్రం బీరు కోసం," అనేశాను, నోటికొచ్చి.
ఆమె నవ్వుకి గంపలో కవళ్లు కదిలాయి.
"మా మావ దానికి నడిసే ఎల్తాడు!"

స్టీలు సీసా మూతలో తరవాణి పోసి ఇచ్చింది.
ఉప్పు. వెనకే పులుపు.
ఆ వెనక మా నాయనమ్మ చోడి అంబలి,
గుడ్డ కట్టిన కుండ, మూత తీయబోతే చేతి మీద చిన్న దెబ్బ:
"పులిసేదాన్ని తొందరపెట్టకూడదురా."

మిగిలిన పన్నెండూ ఆ మూతెడు పులుపు మీదే.
ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి.
నా కాలర్ మీది రంగే,
కానీ ఎవరూ తూకం వెయ్యని ఎరుపు.
అక్కడ కాసేపు ఎందుకో గడియారం చూళ్లేదు.

గోస్తనీ సముద్రంలో కలిసేచోట
నాకోసం ఎవరూ రిబ్బను పట్టుకుని లేరు.
ఇడ్లీ బండతను "ఎన్ని ప్లేట్లు?" అన్నాడు.
తిరుగు దారంతా తొమ్మిదివందల కె బస్సులో,
మొహాన ఉప్పు చారలతో, నిలబడే.

సాయంత్రం జ్ఞానాపురం, విన్సెంట్ డాబా.
బార్లీ కాచే చోట వాడికి ఉద్యోగం.
నాకోసం పాలక్యానులో తెస్తాడు,
అడుగున కాస్త మడ్డి, పైన నాలుగు వేళ్ల నురగ.
వేయించిన గోధుమనూక రంగు. ధనియాల వాసన.
నారింజ తొక్క ఉందో లేదో, ప్రతిసారీ వాదన.
మొదటి గుక్క పిక్క దాకా దిగింది.

"మూడు వారాలు పట్టింది దీనికి," అన్నాడు. "నీకు?"
"మూడు గంటల నలభై."
"సరిగ్గా చెప్పు."
కింద రైలు పట్టాలు మార్చుకుంటోంది. గుడి గంట మోగింది.
లెక్క వేశాను: కుక్కలు తరిమిన చీకట్లు,
వానలో సగం నుంచి తిరిగొచ్చినవి,
అసలు మంచం దిగని ఆదివారాలు.
"నాలుగేళ్లు."
వాడు తలూపి రెండో గ్లాసు నింపాడు.

కాటా మీద మాత్రం ఇప్పటికీ అదే అంకె.
అందులో విన్సెంట్ వాటా విన్సెంట్‌ది.

ఇక మెట్లు దిగాలి.
గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కొక్కటీ.
కింది వాటా పిల్లలు వరసగా కూర్చుని
చదువు మానేసి చూస్తున్నారు.
భీమిలి దాకా వెళ్లొచ్చిన మనిషిని
పద్నాలుగు మెట్లు ఎలా ఆపాయో.